పిక్కబలం

సకల జనుల సమ్మె జరిగిన ఆ యేడు, మా ఇంట్లో అందరికంటే ముందు సమ్మెకు దిగింది నా ఎడమ కాలు.

నేను గోదావరిఖని డిపోలో కండక్టర్ని. మే నెల చివర, ఎండకు తారు రోడ్డు మెత్తబడే రోజుల్లో, మంథని నుంచి తిరిగి వస్తూ ఒక ఊరి స్టేజీ దగ్గర దిగి మూటలతో నిలబడ్డ ముసలామెను ఎక్కించాను. బస్సు కదిలింది. ఎప్పటిలాగే రెండడుగులు పరుగెత్తి ఫుట్‌బోర్డు మీదికి ఎగిరాను. వెనక నుంచి ఎవరో మడమ మీద రాయి పెట్టి కొట్టినట్టయింది. టప్పుమన్న చప్పుడు నా చెవులకే వినపడింది. "ఎవడ్రా వాడు?" అని తిట్టబోతూ వెనక్కి తిరిగి చూశాను. రోడ్డు మీద నరమానవుడు లేడు. కాలు కింద పెడితే మాత్రం నాట్ల పొలంలో దిగబడ్డట్టు దిగబడింది.

"అకిలిస్ టెండన్ తెగింది" అన్నాడు కరీంనగర్‌లో ఆపరేషన్ చేసిన డాక్టరు. మా అత్తమ్మ ఐలవ్వకు ఆ పేరు నోరు తిరగలేదు. "మడిమె నరం" అంది. మా క్వార్టర్ల లైనులో అందరికీ అదే పేరు ఖాయమైపోయింది.

పట్టీలు, తర్వాత మోకాలి కిందిదాకా బూటు. ఆగస్టులో బూటు విప్పి, కాళ్లు రెండూ పక్కపక్కన చాపుకొని చూసుకున్న రోజు ఏడ్చాను. ఏళ్ల తరబడి బస్సులో నిలబడి నిలబడి నా పిక్కలు బిగదీసిన తాళ్లలా ఉండేవి. కుడిది అట్లాగే ఉంది. ఎడమది ఎవరో చిన్నపిల్ల కాలు తెచ్చి అతికించినట్టుంది. పట్టుకుంటే వేళ్ల మధ్య మెత్తగా జారిపోతోంది. నడిస్తే నొప్పి లేదు, కానీ ముందుకు తోసే బలం లేదు. ప్రతి అడుగూ సగంలో ఆగి, పక్కకు ఒరిగి, మళ్లీ మొదలయ్యేది.

నా భర్త సదయ్యది బొగ్గు బాయిలో సపోర్టు పని. బొగ్గు తీసిన చోట పైబండ కూలకుండా కింద దుంగలు నిలబెట్టే పని అది. ఎక్కడ బలహీనంగా ఉందో చూసి అక్కడ ఆనింపు పెట్టడం తప్ప ఆయనకు వేరే ఆలోచన రాదు. ఇంట్లోనూ అదే చేశాడు. మంచానికీ వంటింటికీ మధ్య కుర్చీలు వరసగా పెట్టాడు. బాత్‌రూం గోడకు ఇనుప కడ్డీ బిగించాడు. నేను లేచి నిలబడితే చాలు, షిఫ్టు నుంచి వచ్చి నిద్రపోతున్నవాడు కూడా ఉలిక్కిపడి లేచి నా రెక్క పట్టుకునేవాడు. నా చేతిలో నీళ్ల చెంబు కూడా ఉండనిచ్చేవాడు కాదు.

ఒక సాయంత్రం రెండో షిఫ్టుకు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు. అన్నం తింటూ తింటూ అన్నాడు.

"ఇగ నౌకరి మానెయ్ అనసూర్యా. ఇంట్ల నిమ్మలంగ కూసో. ఎవలన్న ఏమన్న అంటరా?"

"నేనే అంటా" అన్నాను.

"ఏమంటవ్?"

"ఏమో. గని అంటా."

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నా మంచికే అన్నాడని తెలుసు. అది తెలిసే మరింత మంటగా ఉంది. తిట్టే మొగుడితో కొట్లాడవచ్చు. రెక్క పట్టుకొని నడిపించే మొగుడితో ఎట్లా కొట్లాడాలి?

బొగ్గు కంపెనీ దవాఖానలో ఫిజియోథెరపీ గది ఒకటి ఉండేది. అక్కడ కెరోలిన్ మేడం కూర్చునేది. బాయి మీద క్లర్కుగా చేసి రిటైరైన ఒకాయన బిడ్డ. నాకంటే చాలా చిన్నది, మాట మాత్రం పెద్ద నర్సమ్మ మాటలా గట్టిగా ఉండేది. మొదటి రోజు నన్ను గోడకు ఎదురుగా నిలబెట్టి, "ఎడమ కాలు మీదనే నిలబడి మడమ లేపక్కా" అంది.

లేపమని నేను చెప్తున్నాను. కాలు వినడం లేదు. ఎవరో వేరేవాళ్ల కాలికి పని చెప్తున్నట్టుంది. ఒళ్లంతా ముందుకు వంగింది, భుజాలు లేచాయి, పళ్లు బిగిశాయి. మడమ నేలకు మేకు కొట్టినట్టే ఉంది. వెంట వచ్చిన సదయ్య నా మోచేతి కింద చెయ్యి పెట్టాడు.

"అన్నా, చెయ్యి తియ్యండి."

"పడ్తది మేడం."

"నేనున్న గదా, పడనియ్య. మీరేం పని చేస్తరు?"

"బాయిల సపోర్టు."

"అందుకేనా!" అని ఆమె నవ్వింది. "అక్కకు చుట్టూ దుంగలు పెట్టిండ్రు. అన్నా, బండకైతే దుంగలు పెట్టాలె. మనిషి కాలు బండ కాదు. దాని మీద బరువు పడ్తెనే అది పెరుగుతది. మీరు మోసినంత సేపు అది ఎందుకు మోస్తది?"

తర్వాత నన్ను కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. ముందు కుర్చీలో కూర్చొని మోకాలి మీద బరువు పెట్టుకొని మడమ లేపాలి. తర్వాత రెండు కాళ్ల మీద నిలబడి లేపాలి. ఆ తర్వాత రెండు కాళ్లతో లేచి, ఎడమ కాలు ఒక్కదానితో మెల్లగా దిగాలి. అన్నిటికంటే చివర, ఒంటి కాలు మీద లేవడం.

"జల్ది చేస్తే మళ్ల తెగుతది. భయపడి చెయ్యకుంటే ఎన్నడు రాదు. ఈ రెంటి నడుమ నడువాలె. నెలలు పడ్తదక్కా, ఫికర్ చెయ్యకు."

షేర్ ఆటోలో ఇంటికొచ్చాం. నేను దిగబోతుంటే సదయ్య మళ్లీ రెక్క పట్టుకున్నాడు.

ఆయన డ్యూటీలో ఉన్నప్పుడే నేను కసరత్తు చేసేదాన్ని. నాకు తోడు దొంగ మా అత్తమ్మ. మా బిడ్డ హన్మకొండలో హాస్టల్లో ఉండి చదువుకునేది, అందుకే నా ఆపరేషన్ అప్పుడు అత్తమ్మ ఊరి నుంచి వచ్చి మా దగ్గరే ఉండిపోయింది. ఆమె నమ్మకమంతా ఆముదం మీద. కుట్లు మానిన తర్వాత కెరోలిన్ మేడంను ఒప్పించి మరీ రోజూ రాసేది.

"రాయవ్వా, ఏం కాదు. గని నూనెతోని బలం రాదు" అంది మేడం ఒకసారి.

"రాకుంటె బండి చక్రం ఎట్ల తిరుగుతది బిడ్డా?" అంది అత్తమ్మ.

సెప్టెంబరులో సమ్మె మొదలైంది. బాయిలు ఆగాయి, నేల పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టులు ఆగాయి, కొన్ని రోజులకు మా బస్సులూ ఆగాయి. సమ్మెకు ముందు మధ్యాహ్నం పూట ఓపెన్‌కాస్టులో పేలుళ్లకు మా వంటింటి గూట్లో గిన్నెలు గలగలమనేవి. ఇప్పుడా చప్పుడు లేక పగలు ఎక్కడ సగమైందో తెలిసేది కాదు. రోడ్లన్నీ మనుషులు, జెండాలు, డప్పులు. చౌరస్తాలో టెంటు వేశారు. సదయ్య పొద్దున పోయి మధ్యాహ్నం వచ్చేవాడు. సమ్మె మీద ఆయనకు రవ్వంత అనుమానం లేదు. తెలంగాణ రావాలె, వచ్చేదాకా బాయి దిగేది లేదు, అంతే.

కానీ ఇంట్లో ఉన్న పూట ఆయనకు చేతులు ఊరుకునేవి కావు. తలుపు బందులకు నూనె పోశాడు. కత్తులన్నీ నూరాడు. పెరట్లో బట్టల తీగ విప్పి మళ్లీ కట్టాడు. అత్తమ్మ నా దగ్గరికి వచ్చి మెల్లగా మొరపెట్టుకుంది.

"వీన్ని ఏదన్న పనికి తోలు బిడ్డా. నిన్న నా పీట ఇప్పి మల్ల కొట్టిండు. బాగున్న పీట! ఇప్పుడు కూసుంటె ఊగుతున్నది."

నడక కొంచెం పెంచమని మేడం చెప్పింది. పగలంతా రోడ్ల మీద ఊరేగింపులు కాబట్టి తెల్లవారగానే బయల్దేరేదాన్ని. మొదట్లో లైను చివరిదాకా. తర్వాత వాటర్ ట్యాంకు దాకా. ఒకరోజు ధైర్యం చేసి బాయి రోడ్డు పట్టాను. బొగ్గు లారీలు లేక రోడ్డు కడిగినట్టుంది. రోడ్డు పక్క గడ్డి ఆకుపచ్చగా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. అప్పటిదాకా ఎప్పుడు చూసినా నల్లగానే ఉండేది.

బాయి గేటు మూసి ఉంది. దాని ఎదురుగా కల్వర్టు మీద ఒక మనిషి కూర్చొని ఉన్నాడు. దగ్గరికి పోతే సదయ్య. పొద్దున్నే టెంటుకు పోతున్నానని చెప్పి వచ్చినవాడు. కాళ్లకు డ్యూటీ బూట్లు ఉన్నాయి.

"గీడ కూసున్నవేంది బావా?"

ఆయన తుళ్లిపడ్డాడు. దొంగతనం చేస్తూ దొరికినట్టు బూట్ల వైపు చూసుకున్నాడు.

"ఏం లే. మొదటి షిఫ్టు యాళ్లకు లేస్తున్న గదా. లేస్తె కాళ్లు గిటే గుంజుకస్తున్నయ్."

నేను కూడా కల్వర్టు మీద కూర్చున్నాను. గేటు వెనక నీళ్లు తోడే పంపు ఒక్కటే సన్నగా మోగుతోంది.

"సమ్మెకు ముంగట ఒక జాగల బండ బరువు మీదికి వస్తుండె. దుంగలు పెట్టచ్చినం. ఎట్లున్నయో ఏమో" అన్నాడు.

"పంపుల కాడికి పోతున్నోళ్లు చూడరా?"

"చూస్తరు. చూడరని కాదు." బూటు కొనతో మట్టి గీశాడు. "ఎనుకకు పోదామంటలేను అనసూర్యా. ఎన్ని దినాలైనా సరే, కొట్లాడుడే. గని పొద్దుగాల లేస్తె ఏం తోస్తలేదు. ఇంట్ల నాకు ఎవలు ఏం తక్వ చేస్తలేరు. తింటున్న, పంటున్న. మనిషి నడిమికెల్లి ఏదో తీసి పక్కకు పెట్టినట్టున్నది."

ఆయన తల తిప్పి నా ఎడమ కాలు వైపు చూశాడు. చెప్పులో చాపి పెట్టుకున్న సన్నని కాలు.

"నువ్వు ఎండాకాలం కెల్లి గిట్లనే ఉన్నవా?"

"గిట్లనే" అన్నాను.

పొద్దెక్కుతోంది. ఆయన లేచాడు, అలవాటుగా నా రెక్క పట్టుకోవడానికి చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి మధ్యలో ఆగింది. వెనక్కి తీసుకొని జేబులో పెట్టుకున్నాడు.

"లే. పోదాం" అన్నాడు.

కల్వర్టు గోడ ఎత్తు తక్కువ. లేవడానికి తంటాలు పడ్డాను. ఆయన అటు తిరిగి గేటు వైపు చూస్తూ నిలబడ్డాడు, నేను లేచేదాకా.

మర్నాడు పొద్దున చాయ్ తాగుతూ, "మేడం ఏమేం చెయ్యమన్నదో ఒక్కొక్కటి చెప్పు" అన్నాడు.

ఇక నాకు విశ్రాంతి లేకుండా పోయింది. బియ్యం మూటగట్టి నా మోకాలి మీద పెట్టి, ఎదురుగా అత్తమ్మ పీట మీద కూర్చునేవాడు. "లేపు. ఆగు. దించు. గట్ల దబ్బున పడెయ్యకు, మెల్లగ దించు. మల్ల లేపు." అరుగు అంచున మునివేళ్ల మీద నిలబెట్టి రెండు కాళ్లతో లేపించేవాడు, ఎడమ కాలు ఒక్కదాంతో దింపించేవాడు. పిక్క మండిపోయేది. ఆ మంట నాకు చెప్పలేనంత ఇష్టంగా ఉండేది. అన్ని నెలలు చచ్చినట్టు పడి ఉన్న చోటు కదా, మండుతోందంటే బతికినట్టే.

కుర్చీల వరస తీసి అటక మీద పెట్టాడు. బాత్‌రూంలో కడ్డీ మాత్రం ఉండనిచ్చాడు. "అవ్వకు అక్కరకస్తది" అన్నాడు.

నా కసరత్తు టెంటు దాకా పాకింది. ఒకరోజు రోడ్డు మీదనే వంటావార్పు. చౌరస్తాలో పొయ్యిలు పెట్టి పెద్ద పెద్ద గంజుల్లో అన్నం, పప్పు వండుతున్నారు. నేనూ అత్తమ్మా పోయేసరికి టెంటులో నవ్వులు. సదయ్యతో పాటు బాయిలో పనిచేసే గట్టయ్య, లావుపాటి మనిషి, ఒంటి కాలు మీద నిలబడి ఉన్నాడు.

"చెల్లె ఆపరేషన్ అయినంక చేస్తున్నదట, నాకు రాదా? బాయిల డిప్పు వాలు ఎక్కీ దిగీ అరిగిన కాళ్లివి!"

మడమ లేపాడు. మళ్లీ లేపాడు. మూడోసారికి మొహం ఎర్రబడింది. ఇంకో రెండు లేపేసరికి పిక్క పట్టేసి "ఓయమ్మో" అని పక్కనున్న బ్యానరు కర్రను కావలించుకున్నాడు. బ్యానరు, గట్టయ్య కలిసి పడ్డారు. అంతే, టెంటులో ఉన్నవాళ్లందరికీ పౌరుషం వచ్చింది. ఖాళీగా కూర్చొని కూర్చొని విసిగిపోయిన మనుషులు కదా. పెద్దా చిన్నా అందరూ వరసగా నిలబడి మునివేళ్ల మీద లేచారు. వెనక నుంచి ఎవరో అరిచారు. "తెలంగాణ వచ్చేదాక మడిమెలు దించొద్దు!"

"దించొద్దు! దించొద్దు!"

పప్పు గంజు దగ్గర ఆడవాళ్లం నవ్వలేక చచ్చాము. ఆ నవ్వులో నేనూ ఒక పక్కగా గరిటె పట్టుకొని నిలబడి, రెండు మడమలూ లేపాను. రెండు కాళ్లదైతే అప్పటికి సులువుగానే వచ్చేది. ఒంటి కాలిదే రావడం లేదు. ఎంత ప్రయత్నించినా మడమ కింద గాలి దూరేది కాదు.

బతుకమ్మ పండుగ కూడా ఆ యేడు రోడ్ల మీదికే వచ్చింది. తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మలు చౌరస్తా నిండా. మా అత్తమ్మ పట్టుచీర కట్టుకొని బతుకమ్మ ఎత్తుకుంది. నన్ను ఊరికే నిలబడి చూడమంది. చూశాను కాసేపు. చప్పట్లు మొదలైతే ఎవరు నిలబడగలరు? వలయంలోకి దూరాను. వంగడం, ఒక అడుగు ముందుకు, చప్పట్లు, మళ్లీ అడుగు. బాగానే ఉంది. కాలు మాట వింటోంది. నాకు సంతోషం తలకెక్కింది. పాట ఊపందుకుంది, అడుగులు తొందరయ్యాయి, వెనక ఉన్నామె చెయ్యి తగిలింది. పడకుండా ఆపుకోవడానికి ఎడమ కాలు మీద ఎగిరాను.

పిక్కలో చురుక్కుమంది.

చప్పుడు విన్నానా లేదా? డప్పుల్లో ఏమీ తెలియలేదు. నేను అక్కడే రోడ్డు మీద కూర్చుండిపోయాను. చుట్టూ పాట ఆగిపోయింది. సదయ్య టెంటులోంచి పరుగెత్తుకొచ్చాడు. ఆయన మొహం చూడలేక తల వంచుకున్నాను. తెగితే మళ్లీ ఆపరేషన్. మళ్లీ బూటు. ఇక డిపోలో నా పేరు తీసేసినట్టే.

ఆ సాయంత్రం దవాఖాన మూసి ఉంటే ఆటోలో కెరోలిన్ మేడం ఇంటికే పోయాం. ఆమె ఇంట్లో ప్రార్థన అవుతున్నట్టుంది. మధ్యలో లేచి వచ్చింది. వరండాలో బల్ల మీద నన్ను బోర్లా పడుకోబెట్టింది. పాదాలు బల్ల అంచుకు కిందికి వేలాడుతున్నాయి.

"అక్కా, కాలు వదులుగ వదిలెయ్. నేను పిక్క ఒత్తుత. నరం బాగుంటే పాదం దానంతట అదే కదులుతది. కదలకుంటే..." అని ఆపేసింది.

నాకు నా పాదం కనపడదు. పక్కకు తిప్పిన నా తలకు ఎదురుగా, నేల మీద గొంతుకూర్చున్న సదయ్య మొహం మాత్రం కనపడుతోంది. ఆయన కళ్లు నా పాదం మీద ఉన్నాయి. మేడం చెయ్యి నా పిక్క మీద పడింది. గట్టిగా ఒత్తింది. నేను ఆయన మొహాన్నే చూస్తున్నాను.

"కదిలింది" అన్నాడు. ఇంకొంచెం ముందుకు జరిగాడు. "మేడం, ఇంకోపారి ఒత్తుండ్రి."

ఆమె ఒత్తింది.

"కదిలిందే! కదిలింది!"

"నరం మంచిగున్నది" అంది మేడం. తన గుండెల మీద చెయ్యి పెట్టుకొని ఊపిరి వదిలింది. "కండ పట్టింది, అంతే. అక్కా, నీకు ఎవలు చెప్పిండ్రు ఎగురుమని? నడుసుడు వచ్చిందని ఉరుకుడు వచ్చినట్టు కాదు. నాలుగు దినాలు కాలు ఎత్తు మీద పెట్టుకొని కూసో. వాపు తగ్గినంక మొదటికెల్లి షురూ చెయ్యాలె."

తిరిగి వస్తుంటే ఆటోలో మేమిద్దరమే. ఇప్పుడంటాడు, అనుకున్నాను. మానెయ్ అని ఇప్పుడంటే నా దగ్గర మాట లేదు. ఊరంతా చూస్తుండగా నడిరోడ్డు మీద పడ్డదాన్ని.

"వాపు దిగినంక కూసుండి చేసేటిదానికెల్లి మొదలువెడ్దాం" అన్నాడు. "ముందుగాల బియ్యం మూట వద్దు. జర్రంత తేలికది ఏదన్న చూస్త."

నేను రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాను. కళ్లలో నీళ్లు ఆపడం చేతకాలేదు.

దసరా పోయింది. అక్టోబరులో సమ్మె ముగిసింది. తెలంగాణ రాలేదు. బాయి దిగిన మొదటి రోజు మగవాళ్లు జెండాలు మడిచి లోపల పెట్టి పోయారు. సదయ్య మాత్రం సాయంత్రం వచ్చి, "ఆ జాగల ఒక్క దుంగ గూడ ఒంగలే" అని చెప్పాడు. ఆ రాత్రి బాగా నిద్రపోయాడు. ఇంకా కొట్లాట ఉంటుందని అందరికీ తెలుసు. తెలంగాణ రావడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది.

మా అరుగు మీద మాత్రం పని ఆగలేదు. షిఫ్టు ఏదైనా సరే, పోయే ముందో వచ్చిన తర్వాతో ఆయన పీట తెచ్చుకొని కూర్చునేవాడు. అద్దంలో చూసుకుంటే పిక్క ఇంకా కుడిదాని పక్కన చెల్లెలు లాగే ఉండేది. కానీ వేళ్లతో నొక్కితే లోపల ఏదో గట్టిపడుతోంది, పచ్చికాయలో గింజలా.

చలి మొదలైంది. ఒకరోజు సదయ్య మొదటి షిఫ్టుకు తయారై, టోపీ చేతిలో పట్టుకొని అరుగు మీదికి వచ్చాడు. ఇంకా మసక వెలుతురే.

"పొయ్యే ముంగట ఒక్కపారి చూద్దాం. ఒంటి కాలు."

"లేటయితది బావా."

"కానీ. లేపు."

కుడి కాలు మడిచాను. ఒక వేలు గోడకు ఆనించాను. కింద సిమెంటు చల్లగా ఉంది. మడమను తలుచుకోలేదు. మేడం చెప్పినట్టు పిక్కనే తలుచుకున్నాను. అది వణికింది. వణుకు మోకాలిదాకా పాకింది. సదయ్య టోపీ పక్కన పెట్టి నేల మీద వంగి, చెంప అరుగుకు ఆనేంత కిందికి తల పెట్టి చూస్తున్నాడు.

"లేసిందా?"

నా మడమ కింద చల్లగా ఏదో తగిలింది. ఆయన వేలు. బొగ్గు పట్టి మొద్దుబారిన వేలు, మడమకూ నేలకూ మధ్య. తర్వాత దాని పక్కన ఇంకో వేలు దూరింది.

"దించకు" అన్నాడు మెల్లగా. "నా వేల్లు చితుకుతయ్."

నవ్వు వచ్చి కాలు ఊగిపోయింది. ఆయన వేళ్లు లాక్కొనేలోపు దించేశాను. ఆయన "అబ్బా" అని చెయ్యి విదిలించుకుంటూ లేచాడు. లోపలి నుంచి అత్తమ్మ "ఏమైందిరా, ఏమైంది?" అని పరుగెత్తుకొచ్చింది. బాయి కూత అప్పటికే మోగింది. టోపీ నెత్తిన పెట్టుకొని, నలిగిన వేళ్లు ఊదుకుంటూ, రోడ్డు మలుపు దాకా వెనక్కి చూసుకుంటూ పోయాడు.

డిపోలో నన్ను చూసి అందరూ సంతోషపడ్డారు. కంట్రోలరు సారు మంచి మనిషి. "కౌంటర్ల కూసో అమ్మా, నీడపట్టున ఉంటవ్" అన్నాడు.

"కూసుండి కూసుండే కాలు ఎండిపోయింది సార్. నిలవడే డ్యూటీ ఎయ్యుండ్రి."

మంథని రూటే వేశాడు. మొదటి ట్రిప్పులో సీట్లు నిండి మనుషులు నడిమి దారిలో నిలబడ్డారు. రెండు చేతుల్లో టికెట్ల మిషను, చిల్లర. పట్టుకోవడానికి చెయ్యి లేదు. గుంత వచ్చింది, బస్సు ఎగిరింది, డ్రైవరు బ్రేకు కొట్టాడు. జనం అంతా ముందుకు తూలారు. నా ఎడమ పిక్క బిగుసుకొని నన్ను అక్కడే నిలబెట్టింది. "అమ్మా, ఒక పెద్దపల్లి..." అంటున్నాడు ఎవరో. "ఇది మంథని పోతది తాతా" అన్నాను. కదులుతున్న బస్సు మాత్రం ఎక్కలేదు ఆ రోజు. నేను ఎక్కిన తర్వాతే రైట్ అన్నాను.

డ్యూటీ దిగేసరికి చీలమండ ఉబ్బింది. కుంటుకుంటూ మా లైనులోకి మళ్లేసరికి ఎదురుగా సదయ్య వస్తున్నాడు, మొదటి షిఫ్టు దిగి. ఒళ్లంతా బొగ్గు. ఇద్దరం గడప దగ్గర కలిశాం. ఆయన నా ఉబ్బిన చీలమండ వైపు చూశాడు.

అత్తమ్మ పొయ్యి మీద పెద్ద గంజులో నీళ్లు కాగబెట్టి ఉంచింది. ఒక్కరికి సరిపోయే నీళ్లు. బాయి నుంచి వచ్చినవాడికే మొదటి నీళ్లు. ఆ లైనులో ఏ ఇంట్లో చూసినా అంతే. మగవాడు నల్లగా వస్తాడు, తెల్లగా లేచి అన్నానికి కూర్చుంటాడు, ఆ తర్వాతే మిగతావాళ్ల సంగతి. కానీ మేమిద్దరం ఒక్కసారే వచ్చిన రోజు అంతకుముందు లేదు. అత్తమ్మ గంజు అంచులు బట్టతో పట్టుకొని నిలబడిపోయింది.

"ఎవలకు పొయ్యాల్నయ్యా ముందుగాల?"

సదయ్య అరుగు మీద కూలబడి బూటు ముడి విప్పుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"దానికి పొయ్యి. పొద్దటి సంది నిలవడ్డది."

అత్తమ్మ ఒకసారి కొడుకు వైపు చూసింది. ఒకసారి నా వైపు చూసింది. గంజు ఎత్తుకొని బాత్‌రూం వైపు నడిచింది.

నేను తలుపు వేసుకొని, ఎడమ కాలు ముందుకు పెట్టి, చెంబుతో వేడి నీళ్లు పిక్క మీద పోసుకున్నాను. బయట ఆయన బొగ్గు మసితోనే కూర్చొని తల్లితో ఏదో మాట్లాడుతున్నాడు. వాళ్ల మాటలు వింటూ ఇంకో చెంబు పోసుకున్నాను. నేనేమీ తొందరపడలేదు.